సూట్‌కేసులో వచ్చిన ఊరి వాసన మూడు రోజుల్లో పోతోంది, నిలబెట్టుకునే దారి ఏదైనా ఉందా?

బెల్లంముక్క

మాది అనకాపల్లి దగ్గర, శారదా నది ఒడ్డున ఒక చిన్న ఊరు. ఇప్పుడు ఉండేది కెనడాలో, కాల్గరీలో. వచ్చి తొమ్మిదేళ్లు అయింది. పోయిన వారం మా ఆడపడుచు ఊరి నుంచి వస్తూ అమ్మ ఇచ్చిన సామాను తెచ్చింది. రెండు కిలోల బెల్లం, చింతపండు, కందిపొడి. బెల్లాన్ని అమ్మ తన పాత నేత చీర ముక్కలో మూటగట్టి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టింది.

మూట విప్పి వంటింట్లో కిందే కూర్చుండిపోయాను. వచ్చింది బెల్లం వాసన ఒక్కటే కాదు. గానుగ దగ్గర పొయ్యి పొగ, అమ్మ తలకి వాడే కుంకుడుకాయ, మా బీరువాలో కలరా ఉండలు, అన్నీ ఒకేసారి వచ్చాయి. బయట మైనస్ 22. ఈ చలిలో బయటికి వెళ్తే ముక్కుకి ఏ వాసనా తగలదు, గాలి ఉత్తి గాజులా ఉంటుంది. అలాంటి చోట మా ఊరు అంతా ఆ గుడ్డముక్కలో ఉంది.

దాన్ని దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాను. మొదటి రాత్రి వాసన బాగా ఉంది. రెండో రాత్రి వెతుక్కోవాల్సి వచ్చింది. మూడో రోజు మా ఆయన ఇల్లు సర్దుతూ మిగతా బట్టలతో పాటు దాన్నీ వాషింగ్ మెషీన్‌లో వేసేశారు. ఆయన తప్పు లేదు, బెల్లం మరకలు చూసి ఉతకాలనుకున్నారు. కానీ అది డ్రయ్యర్‌లోంచి లావెండర్ వాసనతో బయటికి వచ్చేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

ఇలాంటివి మీరు ఎలా దాచుకుంటున్నారు? అసలు దాచుకోవడం కుదిరే పనేనా?

మిర్చియార్డు

జిప్‌లాక్ కవర్లో గాలి తీసేసి పెట్టండి. నేను అలాగే చేస్తాను.

మాది గుంటూరు, ఉండేది డాలస్. మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తా. ఫిబ్రవరి నుంచి సీజను మొదలైతే రాత్రి ఏ పదింటికో ఇంటికి వచ్చేవారు. ఆయన సందు మలుపు తిరిగేసరికే మాకు తెలిసిపోయేది, ఇంట్లో ఒకరి తరవాత ఒకరం తుమ్మేవాళ్లం. అమ్మ ఆయన్ని ముందు గదిలోకి రానిచ్చేది కాదు. పెరటి కుళాయి దగ్గర చొక్కా విప్పి, కాళ్లూ చేతులూ కడుక్కున్నాకే లోపలికి. తేజ రకం మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దిగిన రోజైతే ఆ చొక్కాని విడిగా నానబెట్టేది.

నాన్న పోయి ఆరేళ్లయింది. ఆయన చొక్కా ఒకటి నా దగ్గర ఉంది, కాలరు లోపలి మడతలో ఇంకా కాస్త ఘాటు ఉంది. ఏడాదికి ఒకసారి తీస్తాను. కళ్లు మండుతాయి, ఎందుకు మండుతున్నాయో మా ఆవిడ అడగదు.

చిన్నారావు

ఫ్రీజర్‌లో పెట్టండి. వాసన బంధించినట్టు ఉండిపోతుంది.

కోనసీమ కొబ్బరి

చిన్నారావు గారూ, మా ఫ్రీజర్‌లో ఏది పెట్టినా వారానికల్లా చేపల వాసనే వస్తుంది. అమ్మ చీర అందులో పెడితే చీర పోయి పులుసు మిగులుతుంది.

రసాయనం

నేను కెమిస్ట్రీ చెప్పే మనిషిని, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

వాసన అంటే వస్తువులోంచి లేచి గాల్లో కలిసే అణువులు. తేలికవి ముందు ఎగిరిపోతాయి, బరువైనవి ఆలస్యంగా పోతాయి. మూట విప్పిన మొదటి క్షణంలో అన్నీ కలిసి వస్తాయి కాబట్టి ఊరు మొత్తం కనిపించింది. మరుసటి రోజుకి తేలికవి పోయి పొగ లాంటి బరువైనవే మిగులుతాయి. ఇది ఒక కారణం.

రెండోది మీ ముక్కు. ఒకే వాసనలో ఎక్కువసేపు ఉంటే ముక్కు దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. దిండు పక్కన పెట్టుకుని ఎనిమిది గంటలు పడుకుంటే గుడ్డలో వాసన ఉన్నా మీకు తెలియదు. అందుకని మిర్చియార్డు గారు చేసే పనే సరైనది, అరుదుగా తీయడం. ఒక్క మార్పు చెప్తాను. పల్చటి ప్లాస్టిక్ కవర్లోంచి వాసన మెల్లగా బయటికి పోతూనే ఉంటుంది. బిగుతైన మూత ఉన్న గాజు సీసా మేలు. చీకట్లో, చల్లగా ఉండే చోట పెట్టండి.

ఏడుపు సంగతి కూడా. చూసిందీ విన్నదీ మెదడులో థాలమస్ అనే భాగం మీదుగా వెళ్తాయి. వాసన మాత్రం ఆ మజిలీ లేకుండా, జ్ఞాపకాలూ భావాలూ ఉండే భాగాల దగ్గరికి తిన్నగా చేరుతుంది. ఇది ఫలానా వాసన అని పేరు గుర్తురాకముందే గొంతు పూడుకుపోయేది అందుకే.

బెల్లంముక్క

రసాయనం గారూ, చాలా థాంక్స్. దిండు పక్కన పెట్టుకోవడమే తప్పన్నమాట. ఎంత దగ్గర పెట్టుకుంటే అంత తొందరగా పోయింది.

సీమబిడ్డ

నాకో అనుమానం, రసాయనం సార్ చెప్పాలి. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు. మాకు ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. జూన్‌లో మొదటి చినుకు పడిందంటే ఇంట్లో ఎవరూ ఉండరు, అందరం బయటికే. ఎర్రమట్టి లేపే ఆ వాసనకి మా జేజి కళ్లు మూసుకుని, 'భూమి ఊపిరి పీల్చుకుంటా ఉంది రా' అనేది. గొడ్లు కూడా మూతి పైకెత్తి నిలబడేవి.

ఇప్పుడు నేను డబ్లిన్‌లో ఉన్నా. ఇక్కడ రోజూ వానే. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ వాసన రాలేదు. ఇక్కడి మట్టిలో ఏం లేదా?

రసాయనం

మట్టిలో లోటు లేదండీ, ఎండలో లోటు ఉంది. ఎండాకాలమంతా చెట్ల నుంచి వచ్చే నూనెలు ఎండిన మట్టిలో, రాళ్లలో ఇంకి పేరుకుంటాయి. మట్టిలోని సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. మొదటి చినుకు తగలగానే అదంతా ఒక్కసారిగా గాల్లోకి లేస్తుంది. మధ్యలో ఎండు రోజులు లేకుండా రోజూ వాన పడితే పేరుకోవడానికి వ్యవధే ఉండదు. 1964లో ఆస్ట్రేలియాలో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీని మీద నేచర్ పత్రికలో రాస్తూ 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. అంతకంటే ఎంతో ముందు నుంచే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని నీళ్లలో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలో పట్టి మట్టి అత్తరు చేస్తున్నారు. అది దొరుకుతుంది, ప్రయత్నించండి.

సీమబిడ్డ

అయితే మా కరువే ఆ వాసనని తయారు చేసిందన్నమాట. మా జేజి బతికుంటే ఈ మాట చెప్పేవాణ్ణి.

చిన్నారావు

అత్తరు ఎందుకండీ, ఊరి మట్టే గుప్పెడు డబ్బాలో తెచ్చుకుంటే పోలా?

సిడ్నీ శర్మ

వద్దు చిన్నారావు గారూ! మట్టి అసలు తేకూడదు. ఆస్ట్రేలియా, కెనడా, అమెరికా ఎక్కడైనా ఆపేస్తారు, ఇక్కడైతే బూటుకి అంటిన మట్టి కూడా చూస్తారు. పచ్చి కరివేపాకూ అంతే, అమెరికాకి తీసుకెళ్లకూడదు. దాని మీద ఉండే పురుగు నిమ్మ, నారింజ తోటలకి తెగులు తెస్తుందని భయం. తినే వస్తువు ఏది తెచ్చినా ఫారంలో రాయండి. రాస్తే మహా అయితే తీసి పారేస్తారు, రాయకపోతే జరిమానా.

నల్లబంగారం

అందరూ ఏమీ అనుకోకపోతే ఒక మాట. నాకు ఈ చర్చ కొంచెం ఇబ్బందిగా ఉంది.

నాది పలాస. ఊళ్లోకి అడుగుపెడితే జీడిగింజలు కాల్చిన వాసన వస్తుంది. బయటివాళ్లకి అది కమ్మగా ఉంటుంది. మా అమ్మ పన్నెండేళ్లు జీడిపప్పు మిల్లులో గింజలు కొట్టింది. జీడి పిక్కలో ఉండే జిగురు చర్మానికి తగిలితే కాలుతుంది. చేతులకి బూడిద రాసుకునేవాళ్లు, అయినా వేళ్లు నల్లబడి పొరలు ఊడేవి. అన్నం కలిపి పెట్టేటప్పుడు కూడా ఆవిడ చేతుల్లోంచి ఆ వాసనే వచ్చేది. నాకు ఊరి వాసన అంటే అమ్మ కాలిన చేతులు. బెల్లం గానుగ దగ్గర కూడా ఎవరో ఒకరు ఆ పొయ్యి ముందు పగలంతా కాగుతూనే ఉంటారు కదా? మనకి సువాసనగా మిగిలింది వాళ్లకి చాకిరీ. దాన్ని సీసాల్లో పెట్టి పూజించడం నాకు చేతకాదు.

కోనసీమ కొబ్బరి

అమ్మ గుర్తొస్తోందని ఆవిడ అడిగితే మీరు చాకిరీ గురించి చెప్తారేంటండీ. వేళాపాళా ఉండాలి.

మిర్చియార్డు

నల్లబంగారం గారు చెప్పింది నిజమే కదా. యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్లు ముఖానికి గుడ్డ కట్టుకుని రోజంతా దగ్గుతూనే ఉండేవాళ్లు. మా నాన్న చివరి రోజుల్లో దగ్గే ఆయన్ని సరిగా పడుకోనివ్వలేదు. అయినా ఆ చొక్కా నేను పారేయలేను. రెండూ నిజమే.

బెల్లంముక్క

నల్లబంగారం గారూ, నాకు కోపం రాలేదు. మా చిన్నాన్నదీ అదే పని. బెల్లం వండే పెనం మీంచి తెట్టు తీస్తుంటే పాకం చింది మోచేతి దాకా కాలింది, ఇప్పటికీ ఆ మచ్చ ఉంది. సంక్రాంతికి అందరూ కొత్త బట్టలు కట్టుకుంటే ఆయన పొయ్యి దగ్గరే ఉండేవాడు, ఎందుకంటే రసం తీశాక ఆగదు, పులిసిపోతుంది. కానీ ఆ పొయ్యి దగ్గరే మాకు వేడి పాకం కొబ్బరి చిప్పలో పోసి ఇచ్చేవాడు. మీరు చెప్పాక ఇది గుర్తొచ్చింది. రాయకుండా ఉండాల్సింది అని అనుకోకండి.

నల్లబంగారం

కొబ్బరి చిప్పలో పాకం. సరే అండీ.

నేను కూడా ఒకటి చెప్పేస్తాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా తోటలో జీడిచెట్లు, కొబ్బరిచెట్లు దాదాపు అన్నీ పడిపోయాయి. ఆ వారం నేను మెల్‌బోర్న్‌లో ఒక సూపర్ మార్కెట్‌లో పప్పులు వేయించే యంత్రం ముందు నిలబడిపోయాను. జీడిపప్పు వేగుతోంది. అమ్మకి ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు. అక్కడే అరగంట నిలబడ్డాను. అసహ్యం అనుకున్న వాసనే ఆ రోజు నన్ను పట్టుకుని నిలబెట్టింది.

గోదారిగట్టు

అందరూ ముక్కు దగ్గరే ఆగారు, చెవి సంగతి చూడండి. మాది రాజమండ్రి. మా ఇల్లు గోదారికి నాలుగు వీధుల అవతల. రాత్రి పదకొండు దాటాక ఊరు సద్దుమణిగితే వంతెన మీద రైలు వినపడేది. ముందు సన్నగా గరగర, తరవాత స్తంభం స్తంభానికీ ధన్ ధన్ మని తాళం, ఆఖర్న ఒక్కసారిగా మోత ఆగిపోయి మామూలు చప్పుడు. అంటే రైలు గట్టెక్కిందని లెక్క. మా తాతగారు నిద్రలోనే 'దాటింది' అనేవారు. ఎవరికి చెప్పేవారో తెలియదు.

పుష్కరాల రేవులో వేసవిలో నీరు తగ్గితే నాచు, తడి ఇసుక వాసన. జులైలో ఎర్రనీరు దిగితే అది ఇంకో వాసన, కొత్త కుండలో నీళ్లు పోసినట్టుంటుంది. పులస వచ్చే రోజులు కూడా అవే. కానీ నాకు వంతెన తరవాతే ఏదైనా.

ఆర్చిబ్రిడ్జి

గోదారిగట్టు గారూ, ఏ వంతెన? పాత హేవ్‌లాక్ వంతెన మీద 1997లోనే రైళ్లు ఆగిపోయాయి కదా.

గోదారిగట్టు

నేను చెప్పేది 1974లో కట్టిన రోడ్డు కం రైలు వంతెన. పైన బస్సులు, కింద రైళ్లు. ఇనుముది కాబట్టి ఆ మోత. మీ ఆర్చి వంతెన చూడ్డానికి అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను, కానీ కాంక్రీటు కదా, దాని మీద రైలు గుట్టుగా వెళ్లిపోతుంది. హేవ్‌లాక్ మోత మా తాతగారిది. 1900 నుంచి నడిచిన వంతెన అది. 'దాటింది' అనే అలవాటు ఆయనకి దాని దగ్గరే పట్టుకుంది.

ఆర్చిబ్రిడ్జి

మా వంతెన మీంచి కూడా జనం దణ్ణం పెట్టి చిల్లర వేస్తారండీ. గోదారమ్మకి తేడా లేదు.

గోదారిగట్టు

అది మాత్రం నిజం. కొవ్వూరు దాటగానే పెట్టెలో నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కిటికీ దగ్గరికి వస్తారు.

ఇప్పుడు నేను ఉండేది షికాగో. ఇక్కడ ఊరి మధ్యలో ఇనుప స్తంభాల మీద రైలు వెళ్తుంది. ఇల్లు వెతికేటప్పుడు ఆ చప్పుడు ఉన్న ఇంటికి అద్దె తక్కువ చెప్పారు, పిల్లలకి నిద్ర పట్టదేమో అన్నారు. నేను దాని కోసమే తీసుకున్నాను. తాళం వేరు. అయినా రాత్రి పదకొండు దాటాక వింటే చాలు.

సిడ్నీ శర్మ

చప్పుడు అన్నారు కాబట్టి: పొద్దున్నే ఆకాశవాణి విజయవాడ. ముందు ఆ సిగ్నేచర్ ట్యూన్, వందేమాతరం, ఆ తరవాత భక్తిరంజని. వీధిలో ప్రతి ఇంట్లో అదే స్టేషను. పాల చెంబుతో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే పాటలో ఒక్క ముక్క కూడా పోయేది కాదు. ఇప్పుడు ఫోన్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టుకోవచ్చు. కానీ ఒక్క నా ఇంట్లోనే మోగుతుంది.

ఎడారి తంగేడు

నేను దోహాలో డ్రైవర్‌ను. ఊరు జగిత్యాల దగ్గర. తెలుగు టైపు ఈ మధ్యనే నేర్చుకున్న, తప్పులుంటే సర్దుకోండి.

రూమ్‌లో ఆరుగురం ఉంటం. అందరిదీ కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ దిక్కే. రెండేళ్లకొకసారి ఇంటికి పోతం. అందరూ ఒకేసారి పోరు కాబట్టి ఏడాదిలో మూడు నాలుగు సార్లు రూమ్‌లోకి ఎవరో ఒకరు ఊరి నుంచి వస్తరు. ఆ రోజు ఎవ్వరూ తొందరగా పడుకోరు. నైట్ డ్యూటీ ఉన్నోడు కూడా మార్చుకుంటడు. వచ్చినోడు నడుమ కూర్చొని సంచి విప్పుతడు. ముందు ఏ వస్తువూ తియ్యడు. కొద్దిసేపు అట్లనే తెరిచి పెడతడు. మేం చుట్టూ కూర్చుంటం, ఎవ్వరం మాట్లాడం. తర్వాత సకినాలు, సత్తుపిండి, మామిడికాయ తొక్కు ఒక్కొక్కటే బయటికి వస్తయి. ఒకసారి నిజామాబాద్ తమ్ముడు పసుపు తెచ్చిండు, వాళ్ల ఇంట్లోనే ఉడకబెట్టి ఎండబెట్టింది. రూమ్ వారం దినాలు అదే వాసన.

నాకు మాత్రం సంచిలో రానిది ఒకటుంది. బతుకమ్మ పండుగకు చిన్నప్పుడు నాయనతోని పొద్దుగాల్నే చెలకలకు పోయి తంగేడు, గునుగు కోసేవాళ్లం. తంగేడు పువ్వుకు పెద్ద వాసన ఉండదు. కొమ్మ విరిచినప్పుడు చేతులకు అంటే పసరు, దానికి చేదు వాసన ఉంటది. మంచుకు అంగీ తడిసేది. తెచ్చినంక అక్కలు తాంబాలంల పేర్చేటోళ్లు. సద్దుల నాడు చెరువు కాడ ఆ పువ్వులు, తడి మట్టి, అగరొత్తులు, మలీద, అన్నీ కలిసిన వాసన. ఇప్పుడు నా బిడ్డ వీడియో కాల్‌లో బతుకమ్మ చూపిస్తది. రంగులు మంచిగనే కనపడతయి.

నల్లబంగారం అన్న చెప్పినట్టు ఊర్లో కష్టం నాకు తెలుసు. ఆ కష్టానికే ఇక్కడికి వచ్చిన. కానీ సంచి విప్పినప్పుడు ఆ కష్టం యాదికి రాదు అన్నా.

నల్లబంగారం

తమ్ముడూ, నీ పోస్ట్ రెండుసార్లు చదివాను. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

స్పష్టంగా

ఇంత బాధ పడేకంటే తిరిగి వెళ్లిపోవచ్చు కదా? ఎవరూ ఆపలేదు.

మిర్చియార్డు

పైన ఆ తమ్ముడు రాసింది చదివి కూడా ఎలా అన్నారండీ ఈ మాట?

ఎడారి తంగేడు

పర్వాలేదన్నా. అప్పు తీరినంక పోత.

బామ్మ మనవరాలు

నేను న్యూజెర్సీలో పుట్టాను. బామ్మ దగ్గర వేసవి సెలవుల్లో తెలుగు చదవడం రాయడం నేర్చుకున్నాను. నాది వేరే సంగతి, ఇక్కడ చెప్పొచ్చో లేదో.

మీరందరూ సూట్‌కేసు వాసన మీ ఊరిది అంటున్నారు. నాకు ఊరు అంటేనే సూట్‌కేసు వాసన. మూడేళ్ల వయసులో బామ్మ మొదటిసారి వచ్చినప్పుడు పెట్టె తెరిస్తే ఇంగువ, ఆవపిండి, కొత్త చీరల గంజి, ఇంకా పేరు తెలియని ఏదో వాసన వచ్చింది. నేను అందులో ఎక్కి కూర్చున్నానట, తియ్యబోతే ఏడ్చానట. పన్నెండేళ్లప్పుడు తెనాలి వెళ్లి బామ్మ ఇంటి గుమ్మం దాటగానే అమ్మతో ఇదే మాట అన్నాను: ఇల్లంతా సూట్‌కేసు వాసన వస్తోంది అని. బామ్మకి అది అర్థం కాలేదు. అమ్మకి అర్థమైంది, ఎందుకో ఆ రోజంతా నన్ను దగ్గరే కూర్చోబెట్టుకుంది.

బెల్లంముక్క

అమ్మా, చెప్పొచ్చా అని అడగకు. మా అబ్బాయికి నాలుగేళ్లు. ఇకనుంచి వచ్చిన పెట్టె వాడి ముందే తెరుస్తాను.

గవరపాలెం

నేను అనకాపల్లిలోనే ఉంటాను, ఊరు ఎప్పుడూ వదల్లేదు. బెల్లంముక్క గారి పోస్ట్ చదివి నిజం చెప్పాలంటే ఆశ్చర్యపోయాను. నలభై ఏళ్లుగా ఉంటున్నాను, నాకు ఏ వాసనా రాదు. రసాయనం గారు చెప్పినట్టు ముక్కుకి అలవాటైపోయింది కాబోలు.

నిన్న పొద్దున్నే పని కట్టుకుని బెల్లం మార్కెట్టుకి వెళ్లాను. దిమ్మలు వరసగా పేర్చి ఉన్నాయి, మీద ఈగలు, కందిరీగలు. కళ్లు మూసుకుని నిలబడ్డాను. ఒక హమాలీ 'ఏటయింది బాబూ, కళ్లు తిరుగుతున్నాయా' అని నీళ్లు తెచ్చి ఇచ్చాడు. వాసన వచ్చింది. కొత్త బెల్లం తియ్యగా, పాతది కాస్త పులుపుగా, కింద గోనెసంచుల చెమ్మ. ఇన్నేళ్లలో మొదటిసారి.

ఇంకో విషయం, చెప్పకపోతే తప్పవుతుంది. మీ వైపు ఇప్పుడు గానుగలు చాలా తగ్గాయి. కూలీలు దొరకడం లేదని, గిట్టుబాటు కావట్లేదని కొందరు చెరకు తీసేసి సరుగుడు వేశారు. మీరు తొమ్మిదేళ్ల కిందట చూసినన్ని పొయ్యిలు కనపడవు. కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర మాత్రం అలాగే ఉంది, జనం ఇంకా పెరిగారు.

బెల్లంముక్క

గవరపాలెం గారూ, మీరు అలా మార్కెట్టులో నిలబడ్డారని చదివి మా ఆయనకి వినిపించాను.

సరుగుడు సంగతి అమ్మ నాకు చెప్పలేదు. ఫోన్ చేసి అడిగాను. 'నువ్వు బాధపడతావని చెప్పలేదు పాపా' అంది. మా చిన్నాన్నది కూడా ఈ ఏడాదితో ఆఖరట.

ఇంకొకటి. నిన్న ఇంట్లో బెల్లం కరిగించి పాకం పెట్టి చూశాను. ఇల్లంతా వాసన వచ్చింది, పొగ అలారం కూడా మోగింది, కానీ అది స్వీటు షాపు వాసన. మా ఊరిది కాదు. ఏం తక్కువైందో తెలియడం లేదు.

గవరపాలెం

పిప్పి. రసం తీసేసిన చెరకు పిప్పిని ఎండబెట్టి అదే పొయ్యిలో వేస్తారు కదా. ఆ పొగ పాకంలోకీ పక్కనున్న మనుషుల బట్టల్లోకీ పడుతుంది. మీరు వెతికేది బెల్లాన్ని కాదు, ఆ పొగని. గ్యాసు పొయ్యి మీద ఎంత కరిగించినా రాదు.

చిన్నారావు

అయితే ఎండు పిప్పి ఒక కట్ట పంపించేయండి!

సిడ్నీ శర్మ

చిన్నారావు గారూ... మళ్లీ కస్టమ్సే. ఎండిన చెరకు కట్ట పట్టుకుని ఎవరూ విమానం దిగకండి.

రసాయనం

పిప్పి అక్కర్లేదు. పొగ బాగా పట్టేది నూలు గుడ్డకి. ఒక శుభ్రమైన నూలు తువ్వాలు పొయ్యి దగ్గర రోజంతా కడితే చాలు, ఆ బరువైన అణువులు నేతలో ఇంకిపోతాయి. వేడి చల్లారాక గాజు సీసాలో కుక్కి మూత బిగించాలి. మధ్యలో మూత తీయకపోతే నెలలు ఉంటుంది. బట్ట కాబట్టి కస్టమ్స్ బాధ కూడా ఉండదు.

కోనసీమ కొబ్బరి

ఇది బాగుంది. నేను కూడా మా ఇంట్లో కొబ్బరి డొక్కల పొయ్యి దగ్గర కట్టమని అమ్మకి చెప్తాను. నల్లబంగారం గారూ, ఆ రోజు కొంచెం దురుసుగా అన్నాను, క్షమించండి.

నల్లబంగారం

అయ్యో, అదేం లేదండీ.

బెల్లంముక్క

నెల దాటింది, ఈ చర్చని మళ్లీ పైకి తెస్తున్నాను.

అమ్మకి చెప్తే ముందు నవ్వింది. 'తువ్వాలు పొగబెట్టి పంపమంటావా, వింటే ఎవరైనా ఏమనుకుంటారు' అంది. తరవాత చిన్నాన్నకి చెప్పిందట. ఆయన ఏమీ అనలేదట. ఆఖరి వంట రోజు తన భుజం మీద ఉండే తువ్వాలే తీసి పెనం పక్కన గుంజకి కట్టాడట. సాయంత్రం దాకా అక్కడే ఉంచి, చల్లారాక అమ్మ హార్లిక్స్ గాజు సీసాలో పెట్టి మూత చుట్టూ మైనం పూసింది. ఎడ్మంటన్ వచ్చే మా ఊరి అబ్బాయి తెచ్చి ఇచ్చాడు.

మొన్న ఆదివారం మా అబ్బాయిని ఒళ్లో కూర్చోబెట్టుకుని మూత తీశాను. మా ఆయన కిటికీలు ముందే మూసేశారు, ఫ్యాను ఆపేశారు. వంటింటి తలుపు దగ్గరే నిలబడ్డారు, దగ్గరికి వస్తే పోతుందేమో అన్నట్టు. పది లెక్కపెట్టేంతసేపే తెరిచాను. పొగ, పాకం, చిన్నాన్న చెమట.

బాబు ముక్కు చిట్లించి 'ఏదో కాలుతోంది' అన్నాడు. అవును నాన్నా, అన్నాను. మూత పెట్టేశాక మళ్లీ తియ్యమని గొడవ చేశాడు. ఉగాదికి తీద్దామని చెప్పాను. రోజూ ఉగాది ఎప్పుడని అడుగుతున్నాడు.

మిర్చియార్డు

నాన్న చొక్కాని కూడా సీసాలోకి మార్చాను. మా ఆవిడ పట్టుకుంది, నేను మూత బిగించాను.

గవరపాలెం

మీ చిన్నాన్న గారి గానుగ ఎక్కడో అడ్రసు చెప్పండి. పొయ్యి ఆరిపోయినా ఒకసారి వెళ్లి చూసి వస్తాను. ఫోటో కావాలంటే పెడతాను.

బెల్లంముక్క

మెసేజ్ చేశానండీ. ఫోటో వద్దు. కుదిరితే ఆయనతో కాసేపు కూర్చుని రండి, మాట్లాడేవాళ్లు ఉంటే ఆయనకి ఇష్టం.

ఎడారి తంగేడు

అక్కా, ఈ రాత్రి మా రూమ్‌లోకి కోరుట్ల తమ్ముడు ఊరి నుంచి వస్తున్నడు. ఫ్లైట్ దిగిండు, నేనే తీసుకరావడానికి పోతున్న. బండిలో సంచి విప్పొద్దని ముందే చెప్పిన, అందరం ఉన్నప్పుడే విప్పాలని. విప్పినంక ఏం వచ్చిందో రాస్త.